మీ ఇల్లు ఎంత ఎత్తున ఉంది?
హార్వీ తరువాత హ్యూస్టన్‌లో మారిన కట్టడం నిబంధనలు

మన తెలుగువాళ్ళం అమెరికాలో ఇల్లు కొనేముందు చూసుకోని విషయం ఉండదు. సింహద్వారం తూర్పుకుందా ఉత్తరానికుందా, వీధిపోటు ఏమన్నా ఉందా, వంటిల్లు ఆగ్నేయంలో పడిందా, స్కూలు రేటింగు పదికి ఎంత, గుడికి ఎంత దూరం, కరివేపాకు దొరికే కొట్టుకి ఎంత దూరం, అన్నీ ఆరా తీస్తాం. ఊళ్ళో ఉన్న సిద్ధాంతిగారికి ఫ్లోర్ ప్లాన్ వాట్సాప్‌లో పంపించి, ఆయన ఊఁ అన్నాకే ఆఫర్ పెడతాం. ఈశాన్యం పల్లంగా ఉందో లేదో చూస్తాం. అసలు ఇల్లంతా పల్లంలోనే ఉందేమో మాత్రం చూడం.

హ్యూస్టన్ నగరం 2018లో తన కట్టడం నిబంధనల్ని మార్చుకున్నది సరిగ్గా ఈ పల్లం గురించే. ఆ మార్పు ఒక్క ముక్కలో చెప్పొచ్చు: ఇంటి నేల ఎంత ఎత్తున ఉండాలి? ఆ ఒక్క అంకె కోసం సిటీ కౌన్సిల్‌లో వాదోపవాదాలు జరిగాయి, చివరికి 9-7 ఓట్లతో గట్టెక్కింది. టెక్సస్‌లో ఉన్నవాళ్ళకే కాదు, వాగు పక్కనో సముద్రం పక్కనో ఇల్లున్న ప్రతివాళ్ళూ తెలుసుకోవలసిన కథ ఇది.

ముందు ఊరి సంగతి కొంచెం చెప్పుకుందాం. హ్యూస్టన్ పళ్ళెంలాంటి ఊరు. గల్ఫ్ తీరం సుమారు యాభై మైళ్ళు. నేల వాలు కంటికి ఆనదు. కింద మన నల్లరేగడిలాగా తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే బంకమట్టి. నీళ్ళు ఇంకవు, పారవు. ఉన్న నీళ్ళన్నీ మోసుకెళ్ళేవి బాయూలు. బాయూ అంటే ఏదో అనుకునేరు, మన వాగే. ఎండాకాలం పిల్లలు పక్కన సైకిళ్ళు తొక్కుతారు, వానాకాలం అది రోడ్డు మీదికొస్తుంది. ఇక ఈ ఊరికి జోనింగ్ చట్టం లేదు. 1948లో, 1962లో, 1993లో మూడుసార్లు ఓటర్లు వద్దనేశారు. ఎక్కడ ఏం కట్టాలన్న దాని మీద అదుపు అంతంతమాత్రం కనుక, ఎలా కట్టాలి అని చెప్పే కట్టడం నిబంధనలకే ఇక్కడ బరువెక్కువ.

అలాంటి నేల మీద దశాబ్దాల తరబడి ఇళ్ళు ఎలా కట్టారయ్యా అంటే, నేలకి అతుక్కుపోయినట్టు. మట్టి చదునుచేసి, ఉక్కు తీగలు బిగించి, పైన కాంక్రీటు పలక పోసి, దాని మీదే గోడలు లేపారు. చవక, తొందరగా అయిపోతుంది. మన గోదావరి జిల్లాల్లో పాత పెంకుటిళ్ళు చూడండి. వీధిలోంచి నాలుగు మెట్లెక్కితే అరుగు, అరుగు దాటితే గడప. వరద గోదారి పక్కన పుట్టిన తాపీమేస్త్రీకి ఎవరూ కోడ్ పుస్తకం ఇవ్వలేదు గానీ, నేలబారుగా ఇల్లు కట్టకూడదని మాత్రం తెలుసు. ఇక్కడ ఆ తెలివిని చట్టంగా రాయించడానికి పెద్ద వరదే రావలసి వచ్చింది.

నిజానికి ఒకటి కాదు, చాలా వచ్చాయి. 2001 జూన్‌లో ఆలిసన్ తుఫాను హ్యారిస్ కౌంటీలో దాదాపు 73 వేల ఇళ్ళు ముంచింది. మనవాళ్ళు ఎంతోమంది డాక్టర్లు పనిచేసే టెక్సస్ మెడికల్ సెంటర్‌లో బేస్‌మెంట్‌లు నీళ్ళతో నిండిపోయాయి. 2015లో మెమోరియల్ డే వరద. 2016లో టాక్స్ డే వరద. బ్రేస్ బాయూ పక్కనున్న మేయర్‌లాండ్‌లో కొన్ని ఇళ్ళకి వరసగా మూడేళ్ళు నీళ్ళొచ్చాయి. ఆ మూడోదే హార్వీ.

2017 ఆగస్టు 25 రాత్రి తీరం దాటిన హార్వీ నాలుగు రోజులపాటు కదలనని కూర్చుంది. ఆ నాలుగు రోజుల్లో ఒక్క హ్యారిస్ కౌంటీ మీదే సుమారు ఒక ట్రిలియన్ గ్యాలన్ల వాన పడిందని లెక్క వేశారు. తూర్పున నీడర్‌లాండ్ అనే ఊళ్ళో 60.58 అంగుళాలు నమోదయింది. హైదరాబాదులో ఏడాది పొడుగునా కురిసేది సుమారు 32 అంగుళాలు. పోల్చి చూసుకోండి. హ్యారిస్ కౌంటీలో లక్షా యాభై వేలకు పైగా ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చాయి. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. వాటిలో దాదాపు సగం ఇళ్ళు మ్యాపుల్లో ఏ వరద గీత లోపలా లేవు. "మాది ఫ్లడ్ జోన్ కాదండీ" అని నిశ్చింతగా పడుకున్నవాళ్ళవే.

వందేళ్ళ వరద అంటే వందేళ్ళకొకసారి కాదు

ఇక్కడ ఒక మాట గురించి చెప్పుకోవాలి. 'హండ్రెడ్ ఇయర్ ఫ్లడ్' అనగానే, నిన్నగాక మొన్న వచ్చింది కదా, ఇంక మన మనవల కాలానికి గానీ రాదనుకుంటాం. దాని అర్థం అది కాదు. ఏ ఏడాదైనా అంత వరద వచ్చే అవకాశం నూటికి ఒకటి అని. పాచికలకి జ్ఞాపకం ఉండదు. నిరుడు పడిందని ఈ ఏడు పడకుండా పోదు. ముప్ఫయ్యేళ్ళ మోర్ట్‌గేజ్ తీరేలోపు కనీసం ఒకసారి అలాంటి వరద చూసే అవకాశం నూటికి 26. ఇంటికి నిప్పంటుకుంటుందేమోనని ఇన్స్యూరెన్స్ కట్టని వాళ్ళుండరు. నీళ్ళకి మాత్రం, లెండర్ అడిగితే తప్ప ఎవరూ కట్టరు. 'ఐదువందల ఏళ్ళ వరద' అంటే ఏడాదికి 0.2 శాతం. ముప్ఫయ్యేళ్ళలో నూటికి ఆరు దాకా తేలుతుంది.

ఈ రెండు వరదల్లో నీళ్ళు ఎక్కడిదాకా పరుచుకుంటాయో ఫీమావాళ్ళు మ్యాపుల మీద గీస్తారు. ఆ గీతల లోపలి నేలనే ఫ్లడ్‌ప్లెయిన్ అంటారు. హార్వీ ముందున్న హ్యూస్టన్ నిబంధన ఏమిటంటే, వందేళ్ళ ఫ్లడ్‌ప్లెయిన్‌లో కొత్తగా కట్టే ఇంటి నేల వందేళ్ళ వరద మట్టానికి ఒక అడుగు పైన ఉంటే చాలు. ఐదువందల ఏళ్ళ గీతలో ఉంటే అసలు నిబంధనే లేదు. 

2018 ఏప్రిల్ 4న కౌన్సిల్ ఆమోదించిన మార్పు ఈ రెంటినీ కలిపేసింది. రెండు ఫ్లడ్‌ప్లెయిన్‌లలోనూ, కొత్త కట్టడం ఏదైనా సరే, ఐదువందల ఏళ్ళ వరద మట్టానికి రెండడుగుల పైన నేల ఉండాలి. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమలు. అప్పటి మేయర్ సిల్వెస్టర్ టర్నర్ దీని వెనక గట్టిగా నిలబడ్డారు. నగర ఇంజనీర్లు వేసిన లెక్క ఆయన చేతిలో ఉంది. ఫ్లడ్‌ప్లెయిన్‌లలో హార్వీకి మునిగిన ఇళ్ళు గనక ఈ కొత్త ఎత్తున కట్టి ఉంటే, వాటిలో 84 శాతం మునిగేవి కావని.

నూటికి ఎనభై నాలుగు. ఇంత ఖచ్చితమైన లెక్క ఎదురుగా ఉండగా ఏడుగురు ఎందుకు వద్దన్నారు? వాళ్ళ వాదన కొట్టిపారెయ్యాల్సింది కాదు. ఎత్తు పెంచితే ఖర్చు పెరుగుతుంది. ఖర్చు పెరిగితే, అమెరికా పెద్ద నగరాల్లో సామాన్యుడు ఇల్లు కొనగలిగిన ఊరన్న హ్యూస్టన్ పేరు పోతుంది. తాతల నాటి చిన్న లాట్ తప్ప ఇంకేమీ లేని కుటుంబాలు దాని మీద కొత్త ఇల్లు కట్టుకోలేక బిల్డర్లకి అమ్ముకోవాల్సి వస్తుంది. పైగా పక్కవాడు ఎత్తు లేపితే ఆ నీళ్ళు ఎవరింట్లోకి పోతాయి?

ఈ ఆఖరి ప్రశ్నకి నిబంధనల్లో కొంత జవాబుంది. వందేళ్ళ ఫ్లడ్‌ప్లెయిన్‌లో లారీలతో మట్టి తెచ్చి దిబ్బ పోసి దాని మీద ఇల్లు కట్టేస్తామంటే కుదరదు. ఎంత మట్టి పోస్తే అంత గొయ్యి ఇంకోచోట తవ్వి, వరద నీటికి చోటివ్వాలి. అందుకే ఇప్పుడు చాలామంది మట్టి జోలికి పోకుండా స్తంభాల మీద దూలాలు వేసి ఇల్లు లేపుతున్నారు. కింద నీళ్ళు వచ్చిన దారినే పోతాయి. ఖర్చు గురించిన ప్రశ్నకి మాత్రం అంత సులువైన జవాబు లేదు. నా మటుకు నాకు, ఆ ఖర్చు ఎలాగూ ఎవరో ఒకరు కట్టేదే అనిపిస్తుంది. ఇల్లు కట్టేటప్పుడు కట్టకపోతే, గోడలు కోసి తడిసిన షీట్‌రాక్ వీధిలో కుప్పపోసే రోజున కడతారు.

తొమ్మిది మంది చేసినది సరైన పనేనని కొన్ని నెలల్లోనే తేలింది. వాతావరణ సంస్థ నోవా టెక్సస్ వాన లెక్కల్ని తిరగరాసి, 'అట్లాస్ 14' పేరుతో 2018 సెప్టెంబరులో బయటపెట్టింది. హ్యూస్టన్ ప్రాంతంలో ఒక్కరోజులో పడే 'వందేళ్ళ వాన' ఇంతకుముందు 13 అంగుళాలనుకునేవారు. కొత్త లెక్కలో అది 18 అంగుళాల దాకా వెళ్ళింది. పాత లెక్కలో వందేళ్ళ వాన అనుకున్నది ఇప్పుడు పాతికేళ్ళ వాన. అంటే ఎవరూ ఊహించని పెద్ద వరద కోసమని నగరం పెట్టుకున్న ఐదువందల ఏళ్ళ గీత, మామూలు వందేళ్ళ గీతకి దగ్గర్లోకి వచ్చేసింది. మరీ ఎక్కువన్న నిబంధన సరిగ్గా సరిపోయింది.

నిబంధనలు మార్చితే ఫలితముంటుందా అని అడిగేవాళ్ళకి మెడికల్ సెంటరే సాక్ష్యం. ఆలిసన్ దెబ్బ తిన్నాక అక్కడి ఆసుపత్రులు నీళ్ళు చొరబడని తలుపులు, గేట్లు పెట్టుకున్నాయి. హార్వీ అప్పుడు చుట్టూ వీధులు చెరువులైనా ఆ తలుపులు చాలామటుకు నిలబడ్డాయి.

పక్కపక్కన రెండిళ్ళు

మేయర్‌లాండ్ వైపు ఎప్పుడైనా వెళితే కారు నెమ్మదిగా నడిపి చూడండి. ఒక ఇల్లు 1960ల నాటిది, ఇటుక గోడ, వీధి కంటే జానెడు ఎత్తు. పక్కది కొత్తది, గుమ్మం చేరాలంటే ఏడెనిమిది మెట్లెక్కాలి. మరొకటి పాతదే, జాకీలు పెట్టి పలకతో సహా గాల్లోకి లేపేశారు. ఊరి చట్టం ఎప్పుడు మారిందో ఆ వీధిలో మెట్లు లెక్కపెడితే తెలిసిపోతుంది.

కొత్త నిబంధన కొత్త కట్టడాలకే. పాత ఇంటిని అది ముట్టుకోదు, కాపాడదు కూడా. అయితే ఒక చోట మాత్రం పాత ఇంటి మీదికి కూడా వస్తుంది. ఫ్లడ్‌ప్లెయిన్‌లో ఉన్న ఇంటికి నష్టం జరిగి, బాగుచేయడానికయ్యే ఖర్చు ఆ కట్టడం మార్కెట్ విలువలో సగానికి చేరితే (నేల విలువ కాదు, కట్టడం విలువ మాత్రమే), దాన్ని కొత్త ఇల్లు కింద లెక్కిస్తారు. ఇవాళ్టి ఎత్తుకి లేపితే తప్ప రిపేరు పర్మిట్ ఇవ్వరు. వరద కానక్కరలేదు, అగ్ని ప్రమాదమైనా అంతే. మోజుపడి చేసే పెద్ద రీమోడల్‌కైనా ఇదే సగం లెక్క.

మా మిత్రులొకరి ఇంట్లో హార్వీకి నడుములోతు నీళ్ళొచ్చాయి. భార్యాభర్తలు పిల్లల్ని భుజాన వేసుకుని, పెద్దావిడని కుర్చీలో కూర్చోబెట్టి ఇల్లు దాటారు. ఇన్స్యూరెన్స్ డబ్బొచ్చింది, కాంట్రాక్టర్ దొరికాడు, వంటింటి గ్రానైట్ కూడా ఎంచుకున్నారు. అప్పుడు చేతికొచ్చింది నష్టం సగం దాటిందన్న ఉత్తరం. ఇల్లు లేపాలి, లేదా పడగొట్టి మళ్ళీ కట్టాలి, లేదా ఉన్నది ఉన్నట్టు అమ్ముకోవాలి. ఫ్లడ్ పాలసీలో ఇలాంటి ఎత్తు పెంపు కోసం ఇచ్చేది 30 వేల డాలర్ల దాకా. ఇల్లు లేపడానికి వాళ్ళకిచ్చిన ఎస్టిమేట్ దానికి ఎన్నో రెట్లు. ఆర్నెల్లు అపార్ట్‌మెంట్ అద్దె, ఇటు మోర్ట్‌గేజ్ రెండూ కట్టి, చివరికి నేల ధరకి అమ్మేశారు. పద్దెనిమిదేళ్ళు ఉన్న ఇల్లు. ఆ లాట్‌లో ఇప్పుడు ఎత్తు మెట్ల కొత్త ఇల్లుంది. దాన్ని చూసి కోనసీమలో పుట్టి పెరిగిన ఆ పెద్దావిడ, అరుగు లేకుండా ఇల్లు కట్టడమేమిటని తనకి మొదటి రోజే అనిపించిందనీ, దేశం కాని దేశంలో ఎవర్ని అడగాలో తెలియక ఊరుకున్నాననీ అన్నారట.

మీ ఇంటికి ఎవరి చట్టం?

మనవాళ్ళు ఎక్కువగా ఉండేది హ్యూస్టన్ నగరంలో కాదు. షుగర్‌లాండ్, పేర్‌లాండ్‌లకి వాటి సొంత నగరపాలన, సొంత నిబంధనలు. కేటీ, సైప్రెస్ అని మనం పిలిచే చోట్ల చాలా సబ్‌డివిజన్లు ఏ నగరంలోనూ లేవు, కౌంటీ కిందికొస్తాయి. అడ్రసులో హ్యూస్టన్ అని ఉన్నంతమాత్రాన హ్యూస్టన్ చట్టం వర్తించదు. అది పోస్టాఫీసు పెట్టిన పేరు. పన్ను బిల్లులో సిటీ ఆఫ్ హ్యూస్టన్ అని ఉంటేనే మీరు ఆ నగరవాసులు. హ్యారిస్ కౌంటీ తన వరద నిబంధనల్ని నగరం కంటే ముందే, 2018 జనవరి 1 నుంచే బిగించింది. ఫోర్ట్ బెండ్ కౌంటీ దారి ఫోర్ట్ బెండ్‌ది. ఇల్లు కొనేముందు, ఇది ఎవరి పర్మిట్ మీద కట్టిందని అడగడం మొదటి ప్రశ్న కావాలి.

కేటీ వైపు ఇంకో చిక్కుంది. 1929, 1935 వరదల తరువాత హ్యూస్టన్ నడిబొడ్డుని కాపాడడానికి ఆర్మీ ఇంజనీర్లు 1940లలో పడమట రెండు పెద్ద రిజర్వాయర్లు కట్టారు. బార్కర్, ఆడిక్స్. మామూలు రోజుల్లో అవి ఎండుగా ఉంటాయి. పార్కులనే అనుకుంటాం. 1908 మూసీ వరద తరువాత విశ్వేశ్వరయ్యగారి సలహాతో హైదరాబాదులో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చిన కథ లాంటిదే ఇదీ. అయితే ఇక్కడ ప్రభుత్వం కొన్న నేల, రిజర్వాయర్ పూర్తిగా నిండితే నీళ్ళు పరుచుకునే నేల కంటే తక్కువ. ఆ మిగిలిన నేలలో సబ్‌డివిజన్లు లేచాయి. హార్వీకి అక్కడ వేల ఇళ్ళు మునిగాయి. అది బాయూ పొంగి రాలేదు, రిజర్వాయర్ నీళ్ళు వెనక్కి ఎక్కాయి. ఫోర్ట్ బెండ్ కౌంటీలో కొన్ని ప్లాట్ కాగితాల మీద, ఈ స్థలంలోకి రిజర్వాయర్ నీళ్ళు రావచ్చునని చిన్న అక్షరాల్లో రాసి ఉంది కూడా. క్లోజింగ్ నాడు సంతకాలు పెట్టే కాగితాల కట్టలో ఆ వాక్యం ఎవరు చదువుతారు?

హైదరాబాదులో ప్లాటు కొనాలంటే చెరువు ఎఫ్.టి.ఎల్. గీత లోపలుందా బయటుందా అని ఇప్పుడు అందరం అడుగుతున్నాం. 2024లో హైడ్రా బుల్‌డోజర్లు వచ్చాక అయితే మరీను. అదే ప్రశ్న కేటీలోనూ అడగాలి. టెక్సస్‌లో 2019 సెప్టెంబరు 1 నుంచి అమ్మేవాళ్ళు ఇచ్చే డిస్‌క్లోజర్‌లో ఇంటికి ఇంతకుముందు నీళ్ళొచ్చాయా, వందేళ్ళ ఫ్లడ్‌ప్లెయిన్‌లో ఉందా, ఐదువందల ఏళ్ళ దాంట్లో ఉందా, రిజర్వాయర్ ముంపులో ఉందా అన్నవి విడివిడిగా రాయాలి. ఆ పేజీ దగ్గర ఏజెంట్ తొందరపెట్టినా ఆగండి.

నగరం మామూలు కట్టడం కోడ్ కూడా అప్పుడప్పుడు మారుతూనే ఉంటుంది. దేశమంతా వాడే అంతర్జాతీయ కోడ్ పుస్తకాలు మూడేళ్ళకొకసారి కొత్తవి వస్తాయి, ఊళ్ళు తమ వీలునిబట్టి వాటిని తీసుకుంటాయి. హ్యూస్టన్ 2021 కోడ్‌లు 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అందువల్ల పదేళ్ళ కిందట పక్కింటాయన డెక్ కట్టుకున్న లెక్క ఇవాళ మీకు చెల్లకపోవచ్చు. ఇంకొకటి, మనవాళ్ళకి ఇష్టమైన పని. గరాజ్‌ని గదిగా మార్చడం. అత్తగారికి మెట్లెక్కే పని లేకుండా పడకగదో, పూజగదో అక్కడ పెడదామనుకుంటారు. గరాజ్ నేల ఇంటి నేల కంటే కిందికుంటుంది. ఫ్లడ్‌ప్లెయిన్‌లో వరద మట్టానికి కిందనున్న గదిని కారుకో సామానుకో తప్ప వాడనివ్వరు. పర్మిట్ లేకుండా చేయించుకుంటే ఇల్లు అమ్మేరోజున ఇన్‌స్పెక్టర్ కంట పడుతుంది, ఫ్లడ్ క్లెయిమ్ రోజున అడ్జస్టర్ కంట పడుతుంది.

ఇన్స్యూరెన్స్ మాట కూడా చెప్పాలి. మామూలు హోమ్ ఓనర్స్ పాలసీలో వరద ఉండదు. ఫెడరల్ ఫ్లడ్ పాలసీ ఇంటికి గరిష్ఠంగా రెండున్నర లక్షల డాలర్లు, సామానుకి లక్ష ఇస్తుంది. సామాను కవరేజ్ విడిగా అడిగి తీసుకోవాలి. కొత్తగా తీసుకుంటే మామూలుగా ముప్ఫై రోజుల తరువాతే అమల్లోకి వస్తుంది. టీవీలో తుఫాను పేరు వినపడ్డాక ఏజెంట్‌కి ఫోన్ చేస్తే లాభం లేదు. 2021 అక్టోబరు నుంచి వచ్చిన కొత్త పద్ధతిలో ప్రీమియం మ్యాపు గీత ఒక్కటే చూసి వేయరు. మీ ఇంటి మొదటి నేల ఎంత ఎత్తుందో కూడా చూస్తారు. అంటే నగరం అడిగిన ఆ అంకే ఇన్స్యూరెన్స్ వాళ్ళూ అడుగుతున్నారు.

ఆ అంకె దొరికేది ఎలివేషన్ సర్టిఫికెట్‌లో. ఫ్లడ్‌ప్లెయిన్‌లో ఈమధ్య కట్టిన ఇల్లయితే అమ్మేవాళ్ళ దగ్గర ఉంటుంది, లేకపోతే పర్మిట్ ఆఫీసులో అడగొచ్చు. అక్కడా లేకపోతే లైసెన్సున్న సర్వేయర్‌చేత చేయించుకోవాలి. ఆ ఫారంలో సెక్షన్ బి లో బేస్ ఫ్లడ్ ఎలివేషన్ అని ఉంటుంది, అది వందేళ్ళ వరద మట్టం. సెక్షన్ సి లో ఇంటి కింది నేల ఎత్తు ఉంటుంది. రెండోదాంట్లోంచి మొదటిది తీసేయండి. వచ్చినది మైనస్ అయితే ధర మాట్లాడేముందు ఇంకోసారి ఆలోచించండి. ప్లస్ ఒకటో రెండో వచ్చినా, అది ఏ నాటి మ్యాపు ప్రకారమో ఫారంలోనే ఉన్న మ్యాపు తేదీ చూడండి. ఆలిసన్ తరువాత గీసి 2007లో అమల్లోకి తెచ్చిన మ్యాపులే హార్వీ నాటికీ ఉన్నాయి. అవి 13 అంగుళాల కాలం నాటి లెక్కలు.

సర్వే చేసిన తేదీ కూడా చూడాలి. హ్యూస్టన్ చుట్టుపక్కల భూగర్భజలం దశాబ్దాలపాటు తోడేయడం వల్ల నేలే కుంగింది. దాన్ని ఆపడానికి 1975లోనే ప్రత్యేకంగా ఒక డిస్ట్రిక్ట్ పెట్టవలసి వచ్చింది. పాతికేళ్ళ కిందటి సర్టిఫికెట్ చూపించి ఇల్లు ఇంత ఎత్తున ఉందని ఎవరైనా అంటే, సర్వేయర్‌ని మళ్ళీ పిలిపించి కొలిపించండి.